చిలకమ్మకి మాటలో అయిదు

"పాచికలు ఎనిమిది. బలం అయిదు. మొత్తం పదమూడు!" గోపి చాప మీద నుంచి ఎగిరి లేచాడు. "బండరాయి లేచిపోవాలి!"

"లేచిపోయింది," అంది సుహాసిని. "కొండన్న ఆ రాయిని రెండు చేతులతో ఎత్తి లోయలోకి విసిరేశాడు. దారి తెరుచుకుంది."

గోపి తన రెండు చేతులూ పైకెత్తి నిజంగానే రాయి విసిరినంత సంబరపడ్డాడు. పక్కన కూర్చున్న ఝాన్సీ చప్పట్లు కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నం మూడైంది. చీపురుపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న సుహాసిని వాళ్ల ఇంటి వరండాలో ఆట జరుగుతోంది. ఆడేవాళ్లు ముగ్గురు. ముగ్గురిదీ ఆరో తరగతే, ఒకటే సెక్షన్.

ఈ ఆట సుహాసినికి ఉమాశంకర్ మావయ్య నేర్పాడు. మావయ్య విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో వచ్చి నాలుగు రోజులు కూర్చుని ఓపిగ్గా నేర్పి వెళ్లాడు.

ఈ ఆటకి బోర్డు ఉండదు. కాయలు ఉండవు. కాగితాలు, పెన్సిళ్లు, లూడో డబ్బాలోని రెండు పాచికలు చాలు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. కథ నడిపేది సుహాసిని. గోపి ఆటలో కొండన్న అనే వీరుడు. ఝాన్సీ చిలకమ్మ అనే దూత.

ఎవరి కాగితం మీద వాళ్ల స్కిల్స్ రాసుకోవాలి. బలం, ఎక్కడం, ఈత, తాళాలు తియ్యడం, జాడ పట్టడం, మాట. ఒక్కొక్కరికి పది పాయింట్లు. వాటిని ఎవరికి నచ్చినట్టు వాళ్లు పంచుకోవచ్చు. కానీ ఒక్కదానికి అయిదు కంటే ఎక్కువ పెట్టకూడదు.

ఏదైనా పని చెయ్యాలంటే రెండు పాచికలూ వెయ్యాలి. వచ్చిన అంకెకి ఆ స్కిల్ పాయింట్లు కలపాలి. తేలిక పని అయితే ఆరు వస్తే చాలు. మామూలు పనికి తొమ్మిది రావాలి. కష్టమైన పనికి పన్నెండు. పక్కవాళ్లు సాయం చేస్తే ఒక పాయింటు కలుస్తుంది. ఎలా సాయం చేస్తున్నారో మాత్రం చెప్పాలి.

పని జరక్కపోయినా నష్టం లేదు. ఆ స్కిల్ పక్కన ఒక గీత గీసుకోవచ్చు. అయిదు గీతలయితే ఒక పాయింటు పెరుగుతుంది. గోపి కాగితంలో తాళాలు తియ్యడం సున్నా. దాని పక్కన అప్పుడే నాలుగు గీతలున్నాయి. ఇంకొక్కసారి తప్పితే బాగుణ్ణని వాడు ఎదురు చూస్తున్నాడు.

ఝాన్సీ మాత్రం మొదటి రోజే కాగితం అందుకుని, ఏమీ ఆలోచించకుండా 'మాట' పక్కన అయిదు వేసింది. మిగిలిన అయిదులో ఈతకి మూడు, జాడ పట్టడానికి రెండు.

"మాటకి అయిదా?" అన్నాడు గోపి ఆ రోజు. ఝాన్సీ అవునని తల ఊపింది.

గోపి అలా అడగడానికి కారణం ఉంది. ఝాన్సీకి నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోతుంది. ఒక్కోసారి చాలాసేపు ఆగిపోతుంది. అందుకే క్లాసులో హాజరు పిలిచినప్పుడు ఆమె చెయ్యి మాత్రం ఎత్తుతుంది. ఈ జూన్‌లోనే ఈ బడికి వచ్చింది. వాళ్ల ఊరు సముద్రం ఒడ్డున. నాన్న వేటకి వెళ్తాడు. చదువు కోసం ఇక్కడ నాయనమ్మ దగ్గర ఉంటోంది.

తన పక్క బెంచీలో కూర్చునే ఝాన్సీని సుహాసిని ఒక రోజు, "ఆదివారం మా ఇంటికి రావే, ఆడుకుందాం," అని పిలిచింది. ఝాన్సీ వచ్చింది. తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. మూడు వారాల్లో చిలకమ్మ ఒక రాజుతో మాట్లాడి ఖైదీలను విడిపించింది. ఒక మొసలితో మాట్లాడి ఏరు దాటించింది. ఝాన్సీ పాచికలు వేసేది. అంకె సరిపోతే, చిలకమ్మ ఎంత చక్కగా మాట్లాడిందో సుహాసిని కథలో చెప్పేది. ఝాన్సీ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వినేది.

ఆ ఆదివారం సుహాసిని కొత్త ఆలోచనతో కూర్చుంది. మావయ్య వాళ్ల అమ్మ ఫోన్‌కి ఒక వీడియో పంపాడని కాదు, సుహాసిని వాళ్ల అమ్మ ఫోన్‌కే పంపాడు. అందులో ఎవరో అన్నయ్యలు, అక్కలు ఇదే ఆట ఆడుతున్నారు. రాజులాగా, దొంగలాగా గొంతులు మార్చి మాట్లాడుతున్నారు. చూస్తుంటే నాటకంలా ఉంది. మా ఆట కూడా అలా ఉండాలి అనుకుంది సుహాసిని. దాని కోసమే వారమంతా కూర్చుని ఒక రాకాసిని తయారు చేసింది.

"బండరాయి దాటి లోపలికి వెళ్లారు," అంది సుహాసిని గొంతు తగ్గించి. "ఎదురుగా పెద్ద ఇనుప తలుపు. తలుపు ముందు ఒక ముసలి రాకాసి. తాటిచెట్టంత ఉంది. వందేళ్ల నుంచి అక్కడే కూర్చుని కాపలా కాస్తోంది. మీకు కావలసిన నీలి దీపం ఆ తలుపు వెనకే ఉంది."

"కొట్టేద్దాం," అన్నాడు గోపి.

"కుదరదు. ఆమె ముందు కొండన్న చీమంత."

ఝాన్సీ ముందుకి జరిగింది. తన కాగితం మీద 'మాట' దగ్గర వేలు పెట్టి చూపించింది. పాచికలు చేతిలోకి తీసుకుంది.

"ఆగాగు," అంది సుహాసిని. "ఈసారి ఊరికే వేసేస్తే కాదు. చిలకమ్మ ఏం మాట్లాడుతుందో ముందు నువ్వు మాట్లాడి చూపించు. అప్పుడే పాచికలు."

ఝాన్సీ ఆమె వైపు చూసింది.

"సరదాగా ఉంటుందే! నేను రాకాసిని. నువ్వు చిలకమ్మవి. ఊఁ, మొదలెట్టు."

ఝాన్సీ పెదాలు కదిలాయి. "రా... రా..."

"రాకాసమ్మా అంటావా?" అన్నాడు గోపి.

ఝాన్సీ కాదని తల అడ్డంగా ఊపింది. "రా... రా..."

"రాణీగారూ?"

మళ్లీ కాదు. ఆమె మెడ దగ్గర నరం బిగుసుకుంది. చేతిలో పాచికలు గట్టిగా పట్టుకుంది.

"రాకాసి ఎంతసేపని ఆగుతాది?" సుహాసిని గొంతు బొంగురుగా మార్చి అంది. రాకాసి గొంతు బాగా కుదిరినందుకు ఆమెకి హుషారుగా ఉంది. "పది లెక్కపెడతాను! ఆలోగా మాట్లాడకపోతే మింగేస్తాను! ఒకటి... రెండు... మూడు..."

ఆరు దగ్గర ఝాన్సీ పాచికలు చాప మీద పెట్టేసింది. తన కాగితం నాలుగు మడతలు పెట్టి పాచికల పక్కనే ఉంచింది. చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని వెళ్లిపోయింది.

"ఏటయ్యిందే ఈమెకి?" అన్నాడు గోపి.

"ఏమో. అలిగింది," అంది సుహాసిని. "ఆట మధ్యలో అలా వెళ్లిపోతారా ఎవరైనా?"

వారమంతా బడిలో ఝాన్సీ చివరి బెంచీలో కూర్చుంది. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తింది. సుహాసిని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. రెండుసార్లూ ఝాన్సీ పుస్తకంలోకి చూస్తోంది.

'ఇంత చిన్నదానికి ఇంత కోపమా?' అనుకుంది సుహాసిని. కానీ అలా అనుకున్న ప్రతిసారీ మనసులో ఏదో గుచ్చుకున్నట్టు ఉండేది. ఏమిటో తెలిసేది కాదు.

తర్వాతి ఆదివారం ఆడేవాళ్లలో గోపి ఒక్కడే వచ్చాడు. చెల్లెల్ని ఇంట్లో వదిలి రావడానికి అమ్మ ఒప్పుకోనందువల్ల అరుణశ్రీని కూడా వెంటపెట్టుకుని వచ్చాడు. అరుణశ్రీ రెండో తరగతి. రెండు పిలకలు, ముందు పళ్లు రెండూ లేవు.

"అక్కా, నేను ఊరికే సూస్తాను. అల్లరి సెయ్యను," అని చాప చివర కూర్చుంది.

ఝాన్సీ లేకుండా ఆట ముందుకి సాగలేదు. రాకాసి తలుపు ముందు నుంచి లేవదు. కొండన్నకి మాటలో సున్నా. గోపి పాచికలు వేశాడు. ఏడు వచ్చింది. సున్నా కలిపినా ఏడే.

"ఇంకో గీత," అని గోపి మాట పక్కన గీత గీసుకున్నాడు. వాడి మొహంలో ఈసారి సంబరం లేదు. "సిలకమ్మ ఉంటే బాగున్నే," అన్నాడు.

అరుణశ్రీ అన్నయ్య కాగితాన్ని తలకిందులుగా చూసి, తిప్పి చూసి, పడీపడీ నవ్వింది.

"బలం అయిదా? అన్నయ్యకా?"

"ఏం, ఉండకూడదేటి?" అన్నాడు గోపి.

"అక్కా, మా అన్నయ్య నీళ్ల బకెట్ కూడా ఎత్తలేడక్కా. సగం బకెట్ తెచ్చి అమ్మ సేత తిట్లు తింటాడు. మరి పోయినసారి ఆటలో బండరాయి ఎత్తేసినానన్నాడు?"

"నీకు తెలీదులే అరుణా," అంది సుహాసిని పెద్దదానిలా. "అది గోపి బలం కాదు. కొండన్న బలం. గోపి నిజంగా ఎత్తక్కర్లేదు. కాగితం మీద అయిదు ఉంది కదా. పాచికలు వేస్తే చాలు. మనకి రాని పనులు చెయ్యగలగడానికే కదా ఈ ఆట..."

అక్కడ ఆగిపోయింది.

గోపి తల ఎత్తి చూశాడు. అరుణశ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న ఇద్దర్నీ చూసింది.

"ఏటైందక్కా?"

సుహాసిని చెవులు వేడెక్కాయి. గోపిని ఒక్కసారైనా రాయి ఎత్తి చూపించమని అడగలేదు. వాడు గోడ ఎక్కుతానన్నప్పుడు, నిజంగా ఎక్కమనలేదు. ఝాన్సీని మాత్రం మాట్లాడి చూపించమంది. అదీ అందరి ముందు. పైగా ఒకటి, రెండు అని లెక్కపెట్టింది.

"గోపీ, నేను నిన్ను రాయి ఎత్తమని ఉంటే?"

గోపి తన కాగితం వైపు చూసుకున్నాడు. "నేనూ ఇంటికెళ్లిపోయేవాణ్ణి," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నేను కూడా తప్పు సేశాను. రాణీగారా, రాకాసమ్మా అని మధ్యలో దూరిపోయాను," అన్నాడు.

సుహాసిని లేచింది. ఝాన్సీ మడతపెట్టి వదిలేసిన కాగితం నోట్ బుక్కులోనే ఉంది. నోట్ బుక్కు, పాచికలు పట్టుకుంది. వంటింట్లో అమ్మకి చెప్పి, గోపిని అక్కడే ఉండమని చెప్పులు వేసుకుంది. గేటు దగ్గర వెనక్కి తిరిగి అరుణశ్రీ దగ్గరికి వచ్చి ఆ పిల్ల రెండు బుగ్గలూ పట్టుకుంది.

"థాంక్స్ అరుణా."

"దేనికక్కా?" అంది అరుణశ్రీ. దానికి నిజంగానే తెలీలేదు.

ఝాన్సీ వాళ్ల ఇల్లు సంత మైదానం వెనక వీధిలో. రేకుల ఇల్లు, ముందు సిమెంటు అరుగు. అరుగు మీద కూర్మమ్మ చేటలో ఎండు నెత్తళ్లు పోసుకుని ఇసక ఏరుతోంది. ఆమె ఝాన్సీ నాయనమ్మ. సంతలో ఎండు చేపలు అమ్ముతుంది. వీధి మొదట్లోంచే ఆ వాసన తెలుస్తుంది.

"ఎవులు కావాలమ్మా?" అంది కూర్మమ్మ.

"ఝాన్సీ కోసం వచ్చాను మామ్మా. నా పేరు సుహాసిని."

కూర్మమ్మ చేట పక్కన పెట్టేసింది. చేతులు చీరకి తుడుచుకుంది. మొహం అంతా నవ్వయింది.

"ఒలమ్మ! సుహాసినివి నువ్వేనేటి? రా తల్లీ, ఇలగ కూకో. నిన్ను సూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటన్నాను."

సుహాసిని అరుగు అంచు మీద కూర్చుంది.

"మా గుంట ఇస్కూల్లో మాటాడదు. బజారులో మాటాడదు. ఎవులైనా పలకరిత్తే నా సీర ఎనక్కి ఎల్లిపోతాది. అలాటిది, మీ ఆట కాడ్నుంచి వచ్చిన రోజున నా పక్కన కూకుని సెప్పేదమ్మా. సిలకమ్మ రాజుతో ఇలగన్నాదంట. మొసలితో అలగన్నాదంట. ఒక్కో మాటకి ఎంత సేపు పట్టినా మానేది కాదు. నాకేటి తొందర? సేపలు ఏరుకుంటా ఇనేదాన్ని." కూర్మమ్మ గొంతు మెత్తబడింది. "ఆటలో ఐనా నా మనవరాలు గలగలా మాటాడతన్నాది గదా అని ఎంత సంబరపడ్డానో. ఇదంతా ఆ సుహాసిని గుంట సలవే అనుకున్నాను. నీకు దణ్ణం పెట్టాలి తల్లీ."

ఆమె నిజంగానే రెండు చేతులూ జోడించబోయింది.

"వద్దు మామ్మా!" సుహాసిని ఆ చేతులు పట్టేసుకుంది. ఆ చేతులకి చేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి. సుహాసినికి ఏడుపు వచ్చింది. "నాకు దణ్ణం పెట్టకండి. పోయిన ఆదివారం నేను... నేనే తప్పు చేశాను."

జరిగింది మొత్తం చెప్పేసింది. లెక్కపెట్టిన సంగతి కూడా దాచలేదు.

కూర్మమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రెండు నెత్తళ్లు ఏరి పక్కన వేసింది.

"అందుకేనేటి, వారం నుంచి ఆట మాట ఎత్తట్లేదు," అంది. తర్వాత తల ఎత్తి, "మరి సెప్పుకోడానికి ఇంత దూరం వచ్చినావు గదా. నాకు కాదమ్మా, దానికి సెప్పు. పెరట్లో ఉన్నాది," అంది.

పెరట్లో పాత వల పరిచి చేపలు ఎండబెట్టారు. ఝాన్సీ చేతిలో కర్ర పట్టుకుని కాకులను తోలుతోంది. సుహాసినిని చూసి కర్ర దించింది.

అంతలో ఒక కాకి దబ్బున వాలి చేపని ముక్కున పట్టుకుంది. "హుష్! హుష్!" అని సుహాసిని దాని వెంట పరుగెత్తింది. కాకి ఎగిరిపోయింది. చేప కూడా పోయింది. ఝాన్సీకి నవ్వు రాబోయి ఆగింది.

సుహాసిని ఆమె ఎదురుగా నిలబడింది. దారిలో పెద్ద పెద్ద మాటలు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"గోపిని రాయి ఎత్తమనలేదు నేను," అంది. "నిన్ను మాత్రం మాట్లాడమన్నాను. తప్పు నాదే ఝాన్సీ."

ఝాన్సీ కాలి బొటనవేలితో మట్టిలో గీసింది. నోరు తెరిచింది.

"నే... నే... నే..."

'నేను' అని అందించబోయింది సుహాసిని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెదాలు గట్టిగా మూసుకుంది. కాకులను చూసింది, వల మీద ఎండుతున్న చేపలను చూసింది, మళ్లీ ఝాన్సీని చూసింది. ఎంతసేపయిందో తెలీదు.

"నేను మా... మాట్లాడలేననే కదా," అంది ఝాన్సీ, "అయిదు పెట్టుకున్నాను."

సుహాసిని నోట్ బుక్కు తెరిచి, మడతపెట్టిన కాగితం తీసి ఝాన్సీ చేతిలో పెట్టింది.

ఝాన్సీ మడతలు విప్పింది. మాట దగ్గర అయిదు అలాగే ఉంది.

"రా... రాకాసి," అని అడిగింది, "ఇంకా అక్కడే ఉందా?"

"అక్కడే ఉంది. నువ్వొచ్చే దాకా కదలనంది."

ఈసారి ఝాన్సీ నవ్వింది. సుహాసినికి గుండె మీద నుంచి ఏదో బరువు దించినట్టయింది. ఝాన్సీ కోపంగానే ఉండిపోయి ఉండొచ్చు. కాగితం చింపేసి ఉండొచ్చు. అలా చెయ్యలేదు. అందుకు ఎలా థాంక్స్ చెప్పాలో సుహాసినికి తెలీలేదు. ఝాన్సీ చేతిలోని కర్ర తీసుకుని, తనే కాకులను తోలడం మొదలుపెట్టింది.

ఆట అక్కడే, కూర్మమ్మ అరుగు మీదే మొదలైంది. గోపిని పిలుచుకు రమ్మని పక్కింటి పిల్లాణ్ణి సైకిల్ మీద పంపారు. గోపి, వెనకాలే అరుణశ్రీ రొప్పుతూ వచ్చారు. వస్తూనే గోపి ఝాన్సీ దగ్గర నిలబడి, "ఇక మధ్యలో దూరను," అన్నాడు. ఝాన్సీ జరిగి వాడికి చోటిచ్చింది.

"ఇనుప తలుపు ముందు ముసలి రాకాసి కూర్చుని ఉంది," అని సుహాసిని మొదలుపెట్టింది. "ఎవరు మీరు అంది."

ఝాన్సీ పాచికలు అందుకుంది. ఒకసారి సుహాసిని వైపు చూసింది.

"వెయ్యి," అంది సుహాసిని.

పాచికలు సిమెంటు మీద దొర్లాయి. నాలుగు. రెండు.

"ఆరు," అంది అరుణశ్రీ వేళ్లు మడిచి.

"ఆరుకి అయిదు కలిపితే పదకొండు," అన్నాడు గోపి. వాడి మొహం వాడిపోయింది. "పన్నెండు రావాలి."

అందరూ పాచికల వైపే చూశారు. కూర్మమ్మ కూడా చేపలు ఏరడం ఆపేసింది. ఆమెకి లెక్క అర్థం కాకపోయినా, ఏదో తక్కువైందని అర్థమైంది.

"ఆగండాగండి!" గోపి మోకాళ్ల మీద లేచాడు. "సాయం! కొండన్న సాయం సేస్తాడు. తన గద కింద పెట్టేస్తాడు. పెట్టేసి, సేతులు కట్టుకుని కూసుంటాడు. మేము కొట్టడానికి రాలేదని రాకాసికి తెలియాలి గదా!"

ఇలాంటి సాయం సుహాసిని ఊహించలేదు. గోపి ఇన్ని వారాల్లో ఒక్కసారైనా గద కింద పెట్టలేదు.

"ఒక పాయింటు," అంది సంతోషంగా. "పన్నెండు!"

అరుణశ్రీ కేక వేసింది. గోపి ఝాన్సీ చేతిని పట్టుకుని ఊపేశాడు.

"ఇప్పుడు చిలకమ్మ రాకాసితో మాట్లాడింది," అంది సుహాసిని. ఒక్క క్షణం ఆగింది. "ఝాన్సీ, ఏం మాట్లాడిందో నన్ను చెప్పమంటావా? నువ్వు చెప్తావా? ఎలా అయినా సరే. పన్నెండు వచ్చేసింది. తలుపు తెరుచుకున్నట్టే."

ఝాన్సీ సుహాసిని వైపు వేలు చూపించింది. నువ్వే చెప్పు అన్నట్టు.

"సరే. చిలకమ్మ ముందుకి వచ్చి, ఓ రాకాసమ్మా, మా ఊరు చీకట్లో ఉంది..."

ఝాన్సీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కాదు అని తల ఊపింది. తనే చెప్తానన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"అ... అ... అ..."

ఎవరూ కదల్లేదు. వీధిలో ఒక ఆటో వెళ్లింది. దాని చప్పుడు దూరమయ్యింది. కూర్మమ్మ ఒళ్లో చేట పట్టుకుని, రోజూ వినే మనిషిలాగే తీరిగ్గా కూర్చుంది.

"అన్నం తిన్నావా మా... మామ్మా, అని అడిగింది," అంది ఝాన్సీ. "వందేళ్ల నుంచి ఒ... ఒక్కదానివే కూర్చున్నావు కదా. ఎవరైనా అన్నం పెట్టారా, అని."

సుహాసిని నోట్ బుక్కులో రాకాసి కోసం రెండు పేజీలు రాసుకుంది. చిలకమ్మ ఏం అడిగితే ఏం చెప్పాలో అన్నీ రాసుకుంది. ఈ ప్రశ్నకి జవాబు అందులో లేదు. నోట్ బుక్కు మూసేసింది.

"రాకాసి తల వంచి చిలకమ్మని చూసింది," అంది నెమ్మదిగా. "వందేళ్లలో చాలామంది వచ్చారు. కత్తులు పట్టుకుని వచ్చారు. తాళం చెవి అడిగారు, దీపం అడిగారు. అన్నం తిన్నావా అని ఎవరూ అడగలేదు. రాకాసి కళ్లలోంచి బిందెడంత కన్నీటి బొట్టు ఒకటి రాలింది. లేచి, తలుపు తానే తీసింది. చల్లగా ఉండు తల్లీ, అని చిలకమ్మ తల మీద చెయ్యి పెట్టింది."

కూర్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఈ సేపల ఇసక కంట్లో పడిపోతన్నాది," అంటూ లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు ఉడకబెట్టిన చిలగడదుంపలు గిన్నె నిండా తెచ్చింది. నలుగురూ తొక్కలు వలుచుకుంటూ, వేళ్లు కాల్చుకుంటూ తిన్నారు.

సాయంత్రం వెళ్లబోయే ముందు సుహాసిని కూర్మమ్మ దగ్గర ఆగింది.

"మామ్మా, థాంక్స్."

"నాకెందుకే?"

"తిట్టనందుకు. ఇంకా..." ఎలా చెప్పాలో వెతుక్కుంది. "తొందర పడకుండా వినడం మీ దగ్గర చూశాను."

కూర్మమ్మ ఆమె జడ సరిచేసి, "బేగి ఎల్లు. మీ అమ్మ ఎదురు సూత్తాది," అంది.

ఝాన్సీ వీధి చివరి దాకా వచ్చింది. అక్కడ ఆగి, సుహాసిని చేతిలోని నోట్ బుక్కు వైపు చూపించింది.

"వ... వచ్చే వారం," అంది. "క... క..."

గోపి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అరుణశ్రీ కూడా అన్నయ్యని చూసి అలాగే పెట్టుకుంది. సుహాసిని నిలబడింది.

"కథ నేను నడుపుతాను."

సుహాసిని ఆ నోట్ బుక్కుని ఇప్పటి దాకా ఎవరికీ ఇవ్వలేదు. గోపి ఎన్నోసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు అందులో తను రాసుకున్న పేజీలు చూసుకుంది. మిగిలిన తెల్లకాగితాలు చాలా ఉన్నాయి. నోట్ బుక్కుని, పాచికలను కలిపి ఝాన్సీ చేతుల్లో పెట్టింది.

"ఎప్పుడూ నడపడమే కదా. నాకూ ఆడాలని ఉందే," అంది. ఆ మాట అన్నాకే అది నిజమని ఆమెకి తెలిసింది.

తర్వాతి ఆదివారం సుహాసిని వాళ్ల వరండాలో చాప మీద నలుగురు కూర్చున్నారు. గోడ వైపు ఝాన్సీ. ఎదురుగా గోపి, అరుణశ్రీ, సుహాసిని. అరుణశ్రీకి కూడా సొంత కాగితం వచ్చింది. అన్నయ్యతో సమానంగా బలానికి అయిదు వేసుకుంది.

సుహాసిని పది పాయింట్లు ఎలా పంచాలా అని చాలాసేపు పెన్సిల్ కొరికింది. ఆమెకి నిజంగా ఈత రాదు. సముద్రంలో మోకాలి లోతు దాటి వెళ్లింది లేదు. ఈత పక్కన అయిదు వేసింది. తలెత్తి ఝాన్సీ వైపు చూసింది. ఝాన్సీ ఆ అంకె చదివి, సరే అని తల ఊపింది.

"మొదలెట్టనా?" అన్నట్టు అందర్నీ చూసింది ఝాన్సీ. పాచికలు పక్కన పెట్టి, నోట్ బుక్కు తెరిచింది.

"సముద్రం," అంది. ఆ మాట తేలిగ్గానే వచ్చింది. "సముద్రం మ... మ... మ..."

"మధ్యలో?" అని గొణిగింది అరుణశ్రీ.

సుహాసిని ఆ పిల్ల చేతి మీద మెల్లగా చెయ్యి వేసింది. అరుణశ్రీ ఊరుకుంది. గోపి గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి ఒకటి మెల్లగా సాగుతోంది. సుహాసిని పెట్టెలు లెక్కపెట్టలేదు. ఝాన్సీ మొహమే చూస్తూ కూర్చుంది. బండి అంతా వెళ్లిపోయింది.

"మండుతోంది," అంది ఝాన్సీ.

ఎవరూ అనుకోని మాట అది. ముగ్గురూ ఒక్కసారే చాప మీద ముందుకి జరిగారు.